మొగలో మాగ

నాలుగున్నరకి, ఇంకా చీకట్లోనే
ఖాజావలి ఆటోలో నలుగురం.
గాలం కర్రలు నిలువుగా, మా మోకాళ్ళు అడ్డంగా.
చెంచురామయ్య ఒళ్ళో ఎరరొయ్యల డబ్బా.
మూత సందులోంచి నీళ్ళు కారి ప్యాంటు తడిసింది.
ఎవరం నవ్వలేదు,
నవ్వే వయసు దాటిపొయ్యాం మరి.

ముదివర్తిపాలెం అవతల
రొయ్యల గుంటల్లో చక్రాలు తిరగతా ఉండాయి
నిద్రలో ఎవరో గొణిగినట్టు.
కట్ట దిగితే పెన్న.
సోమశిల నించి దిగొచ్చిన నీళ్ళు
ఈడ ఉప్పు తగిలి నిలబడి ఉండాయి,
ముందుకో వెనక్కో తేల్చుకోలేక.

"పోటెక్కతా ఉండాది" అన్నాడు జాలయ్య.
ఆ మాట తర్వాత గంట సేపు
ఇంకో మాట లేదు.

డిపో గ్యారేజీలో ముప్పై ఏళ్ళు
ఇంజను శబ్దాన్ని బట్టి రోగం చెప్పినోళ్ళం.
ఇప్పుడు వేలి కొస మీద తంగూసు ఆనించుకుని
నీళ్ళని వింటా ఉండాం.
పీతయితే గోటితో గీరినట్టుంటాది.
జెల్లయితే అప్పులోడి మాదిరి ఒకటే గుంజుడు.
నాచు తగిలితే ఏమీ ఉండదు,
బరువు మాత్రం ఉంటాది.

ఎండెక్కినాక గిన్నెలు విప్పాం.
ఖాజావలి గిన్నెలో కీమా ఉండలు.
"ఎవరు చేశార్రా?"
"ఇంకెవురు, నేనే."
ఉప్పు కొంచెం ఎక్కువయింది.
గిన్నె ఖాళీ అయింది.

పదిన్నరకి చెంచురామయ్య రీలు కేకేసింది.
కర్ర వంగింది,
మనిషీ వంగాడు, నడుం పట్టీతో సహా.
"వదలరా, వదల్రా, లాగనీ దాన్ని!"
తంగూసు నీళ్ళని కోసుకుంటా మొగ దిక్కుకి పొయింది.
మధ్యలో రీలు పిడి ఊగిపోతే
ఖాజావలి మణికట్టు మీది నల్ల జడబ్యాండు లాగి
రెండు చుట్లు బిగించాడు.
అదాడికి ఎట్టొచ్చిందని
అప్పుడు ఎవరూ అడగలా.

ఇరవై నిమిషాలకి ఒడ్డున పడింది మాగ.
ఒళ్ళంతా కొత్త సత్తు గిన్నె.
గడ్డం కింద పోగులు,
కంటి మీద పొర, శుక్లం ముదిరినట్టు.
జాలయ్య చేత్తోనే తూచి
"ఆరు కిలోలకి తక్కువుండదు" అన్నాడు.

"మాగంటే మగదేనా?" అన్నా ఊరికే.
"ఇంత పెద్దదా? ఆడదే.
చిన్నప్పుడు మగది. రెండు మూడేళ్ళు అట్టా తిరిగి
తర్వాత ఆడదవతాది.
ఫిషరీసు ఆయన కోసి చూపిచ్చాడు మాకు."

గాలి ఆగింది. చేప ఒకసారి తోక కొట్టింది.

స్పానరు ఇసిరి క్లీనరు పిల్లోడి తల పగలేసిన చెంచురామయ్య
ఇప్పుడు కాళ్ళ మీద మనవరాల్ని బోర్లా పండుకోబెట్టి
నీళ్ళు పోస్తాడు.
ఖాజావలి పెండ్లానికి
కుడి చెయ్యి పడిపొయి ఏడాది.
రోజూ పొద్దున పాపిట తీసి జడేసేది ఈడే,
మొదట్లో వంకరగా, ఇప్పుడు తిన్నంగా.
నేను మొన్న టీవీలో
ఎవురిదో ముఖం తెలియనామె అప్పగింతలు చూస్తా ఏడ్చా.
ఉల్లిపాయలన్నా ఇంట్లో.
నిజంగానే చేతిలో ఉల్లిపాయ ఉండింది.

ఇవన్నీ ఆడ ఎవరం చెప్పుకోలా.
జాలయ్య కత్తి కడుక్కుని నాలుగు పాళ్ళు వేశాడు.

తల కోసం ఒకప్పుడు కొట్టుకునేవాళ్ళం.
ఒక తల కోసం చొక్కా చించుకున్నాం
పద్దెనిమిదేళ్ళ కిందట, ఇదే కట్ట మీద.
ఇప్పుడు నువ్వు తీసుకోమంటే నువ్వు తీసుకో.
తామరాకు మీద తల మమ్మల్నే చూస్తా ఉండాది,
ఆ పొర కంటితో.
"ముల్లు తీసి పెట్టడం నాకొచ్చులే"
అన్నాడు ఖాజావలి చివరికి, ఎవుర్నీ చూడకుండా.

పాటు మొదలయింది. బురద తేలింది.
ఆటో స్టార్టు కాలేదు.
ప్లగ్గు తీసి ఊదాం, వైరు గీకాం,
ఒకడి మీద ఒకడు అరుచుకున్నాం.
నలుగురం మెకానిక్కులం,
గుంటల గట్టు పొడుగునా తోసుకుంటా పొయ్యాం,
వెనక సీట్లో చేపని కూచోబెట్టి.